ఓడినవాళ్ళు చెయ్యాల్సిన ఫోను

ఆదివారం సాయంత్రం నాలుగున్నర. ఊళ్ళోని రెండు ఫుట్‌బాల్ జట్ల మధ్య పొద్దున జరిగిన ఆట ముగిసి మూడు గంటలు దాటింది. తమ్ముడు అక్కకి ఫోన్ చేశాడు.

"అది కాదురా, గెలిచింది మీ మిల్లు జట్టు. ఓడింది మా షెడ్డు జట్టు. మరి నువ్వెందుకు చేశావు ఫోను?"

"చెప్తా, విను అక్కా. మా రెండో గోలుంది చూడు, అది ఆఫ్‌సైడు. మా తొమ్మిదో నెంబరు వాడు మీ వాళ్ళందర్నీ దాటేసి ముందే నిలబడిపోయాడు. నా కళ్ళతో చూశాను. న్యాయంగా అయితే మేం గెలవనట్టే. అందుకని నేనే చేశాను."

"ఒరేయ్, మీ గోలు తప్పని నీ నోటి వెంట నలభై ఏళ్ళలో వినలేదు నేను."

"తప్పుని తప్పనాలి కదా."

"తప్పేం కాదు. శుభ్రమైన గోలు. మావాడొకడు గోలు దగ్గరే కాళ్ళు బారజాపుకుని నిలబడ్డాడట. వాడక్కడుండగా ఆఫ్‌సైడు ఎలా అవుతుంది?"

"నువ్వు చూశావా?"

"రేడియోలో విన్నాను."

"రేడియోలో ఆఫ్‌సైడు కనిపిస్తుందా అక్కా?"

"చెప్పేవాడు చెప్పాడు. సరే, నీ మాటే నిజం, ఆ గోలు తీసేద్దాం. అప్పుడెంత? ఒకటీ ఒకటి. అంటే డ్రా. డ్రా అయితే ఎవరూ చెయ్యక్కర్లేదు. పెట్టెయ్ ఫోను."

"ఉండుండు. మొదటిది కూడా ఆఫ్‌సైడే."

"మొదటిది పెనాల్టీ రా!"

"అదే... ఆ పెనాల్టీ ఇవ్వకుండా ఉండాల్సింది అంటున్నా."

"నీకు మతి గానీ పోయిందా?"

"నా మతి సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పు, ఎందుకు చెయ్యలేదు? ఓడితే పావుగంట తిరక్కుండా చేసేదానివి."

"చేద్దామనే అనుకున్నాను. పొయ్యి మీద పాలున్నాయి."

"మూడు గంటల నుంచా?"

"పాలు కాగాక వేరే పనులుండవా ఏంటి?"

"అమ్మ పెట్టిన నియమం. నువ్వే తప్పావు."

"అమ్మ ఏమందో సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఆటయ్యాక మనిద్దరం మూతులు ముడుచుకుని చెరో గదిలో కూర్చుంటే, ఓడినవాళ్ళే ముందు పలకరించాలి అంది. ఎందుకంది? గెలిచినవాడు పలకరిస్తే అది వెక్కిరింతవుతుంది అంది. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటి?"

"వెక్కిరింత కాదక్కా."

"మరి?"

"నీ గొడుగు కనబళ్ళేదు."

"ఏ గొడుగు?"

"ఎర్ర గొడుగు. మీ గ్యాలరీలో, మూల జెండా పక్కన, మూడో వరస. పోయిన ఆటకీ లేదు, గొడుగు మర్చిపోయావనుకున్నా. ఇవాళ ఆట మొదలైనప్పుడు చూశాను, లేదు. సగంలో చూశాను, లేదు. ఆలస్యంగా వస్తావేమోననుకున్నా. ఆ పెనాల్టీ కొట్టేటప్పుడు కూడా నేను అటే చూస్తున్నాను. గోలు పడిందని పక్కనున్న బార్బరు వీపు మీద చరిస్తే తెలిసింది."

"నా గొడుగు నువ్వు చూస్తావా?"

"చూడ్డమేముంది? కళ్ళు కాకులెత్తుకుపోతే తప్ప కనబడుతుంది. వెనకాలవాళ్ళు తిడుతున్నా మూసే రకం కాదు కదా నువ్వు."

"తిట్టరు. వెనకాల ఎవరూ ఉండరిప్పుడు. వరసలన్నీ ఖాళీయే."

"ఎందుకు రాలేదు మరి?"

"మెట్లెక్కలేనురా. మోకాలు కోశారు."

"కోశారా! ఎప్పుడు?"

"పోయిన రెండాటలూ డ్రాలే కదా, వాటిలో మొదటిదైన నెలకి."

"అంటే... ఏడాది కావస్తోంది. నాకు చెప్పలేదే!"

"ఎలా చెప్పను? ఆ తర్వాత ఇంకో డ్రా అయింది."

"డ్రా అయితే మాత్రం? కాలు కోస్తున్నారే అని ఒక ఫోన్ చెయ్యకూడదా?"

"ఆస్పత్రిలో కాగితం మీద 'దగ్గరివాళ్ళ నెంబరు' అని ఉంటే నీదే రాశాను. ఏమైనా అయితే వాళ్ళే చేస్తారు కదా అని. ఏమీ కాలేదు."

"ఎవరు చూసుకున్నారు?"

"ఎదురింటావిడ రెండు రోజులు వచ్చింది. తర్వాత నేనే. కుర్చీ ముందుకు తోసుకుంటూ వంటింటిదాకా వెళ్ళేదాన్ని. కుర్చీ కాళ్ళు అరిగిపోయాయి గానీ నా కాలు బాగానే వచ్చింది. సరే, అదయిపోయింది. నీ వెనకాల చప్పుడు లేదేంటి?"

"ఏం చప్పుడు?"

"నీ కొట్లోంచి చేస్తే నాలుగు గోడల మీదా గడియారాలు టిక్కుటిక్కుమంటుండేవి. నీ మాట కన్నా అవే ఎక్కువ వినబడేవి."

"ఆదివారం కదా."

"ఆదివారాలే కదరా ఎప్పుడూ చేసుకునేది మనం!"

"కొట్టు మూసేశాను."

"ఎప్పుడు?"

"రెండో డ్రాకి ముందు. గడియారం బాగుచేయించుకునేవాళ్ళెవరున్నారు? జేబులో ఫోనుంటే టైము అదే చెప్తుంది."

"మరి రోజంతా ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి. పొద్దున ఒక నడక. మధ్యాహ్నం రేడియో. వంట ఒకపూటే, రెండో పూటకి అదే. ఈ నెల్రోజులూ మాత్రం బాగుంది. కాగితాలు పంచాను."

"అవును, విన్నాను."

"ఏం విన్నావు?"

"'మన జట్టుని కలపనివ్వం' అని ఇల్లిల్లూ తిరుగుతున్నావని. నీ కాగితం ఎగురుకుంటూ మా వీధిదాకా వచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి."

"ఆఫ్‌సైడు కన్నా అవే బాగా కనిపించాయన్నమాట. సరే అక్కా, అసలు సంగతికొస్తా. రెండు జట్లనీ ఒకటి చెయ్యాలా వద్దా అన్న ఓట్ల పెట్టెలు ఆరింటికి మూసేస్తారు. రెండు క్లబ్బులూ ఒప్పుకుంటేనే కలుపుతారు. మా మిల్లువైపు అయిదారు ఓట్లు అటో ఇటో. అందుకే మీ షెడ్డు వైపైనా వద్దంటే బతికిపోతాం."

"నీ ఓటు వేశావా?"

"లేదు. ఆట చూసి, గెలిచిన ఊపులో వేద్దామని జేబులో పెట్టుకున్నా. ఆటయ్యాక తిన్నగా ఇంటికొచ్చేశాను."

"ఎందుకు?"

"ఫోన్ వస్తుంది కదా అని."

"ఉండు, కుర్చీ లాక్కుంటున్నా."

"వింటున్నావా?"

"వింటున్నా. చెప్పు."

"నువ్వే ఆలోచించు. మాది నీలం, మీది ఎరుపు. కలిపి వంకాయ రంగు చొక్కాలు వేస్తారట! వంకాయ రంగేసుకుని ఎవడైనా పరిగెడతాడా? ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?"

"కత్తులెక్కడున్నాయిరా? రెండూ తుప్పుపట్టిన రేకులే. మీ దగ్గర సరిగ్గా పదకొండు మంది లేరు. పొద్దున మీ గోలుకీపరు కోచ్ బావమరిదట కదా."

"మీ కెప్టెను వయసు నా కొట్టంత ఉంటుంది. అదే నేను చెప్పేది. దొందూ దొందే. రెండు చెత్త జట్లు కలిపితే ఒక మంచి జట్టవుతుందా? ఇంకా పెద్ద చెత్త జట్టవుతుంది. వారం వారం ఓడుతుంది. రాసిపెట్టుకో, వారం వారం!"

"అంతేనంటావా?"

"అంతే. అనుమానమే లేదు. నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

"నాన్న పేరు తేకు. నిన్ను భుజాలకెత్తుకుని మిల్లు గ్రౌండుకి తీసుకెళ్ళేవాడు. నన్ను మాత్రం ఆడపిల్లవి, తోపులాటలో నలిగిపోతావని గుమ్మంలోనే ఆపేసేవాడు. మామయ్య జాలిపడి షెడ్డు గ్రౌండుకి తీసుకెళ్ళాడు కాబట్టి నేను ఎరుపు. నాన్న నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళుంటే మనిద్దరం ఒకే గ్యాలరీలో కూర్చునేవాళ్ళం."

"ఈ మాట ఎప్పుడూ అనలేదు నువ్వు."

"నాలుగు నిమిషాల ఫోనులో ఏమంటాను? గోల్సు, కార్నర్లు, రిఫరీ గుడ్డివాడు. అయిపోయింది, ఉంటానురా."

"నేనూ అంతేలే. ప్రతిసారీ ఒకటి చెబుదామనుకునేవాణ్ణి."

"ఏంటది?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఆస్పత్రి సంగతి. అమ్మ ఉన్నప్పటిది."

"అది ఇప్పుడెందుకు?"

"నువ్వన్నావు చూడు, 'చూడ్డానికొచ్చిన చుట్టానివి, పళ్ళు అక్కడ పెట్టి వెళ్ళు' అని."

"తొమ్మిదేళ్ళయింది. రాత్రుళ్ళు నిద్ర లేక అన్న మాటరా అది. అన్న మరుక్షణం నాలిక కొరుక్కున్నాను. నువ్వప్పటికే మెట్లు దిగిపోయావు."

"నువ్వన్నది తప్పని కాదక్కా. పది నిమిషాలు కూడా కూర్చునేవాణ్ణి కాదు నేను. అమ్మ నన్ను చూసి 'ఎవరు బాబూ నువ్వు?' అనేది. రోజూ అదే. నిన్ను మాత్రం గుర్తుపట్టేది. నాకు భయమేసేది. మళ్ళీ అడుగుతుందేమోనని పళ్ళు పెట్టేసి పారిపోయేవాణ్ణి."

"ఆ ముక్క నాకు చెప్పి ఏడవొచ్చు కదా!"

"ఓడినప్పుడు చెబుదామనుకునేవాణ్ణి."

"తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు ఓడారురా మీరు?"

"ఏడు. మీరు ఆరు. మిగతా అయిదూ డ్రాలు. మొత్తం పదమూడు ఫోన్లు."

"లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టడానికి ఇంకేమున్నాయి నాకు? అందుకే అడుగుతున్నాను అక్కా. నీలమూ ఎరుపూ ఎవడిక్కావాలి? కాగితం మీద ఏదో రాశాను గానీ, నాకు ఏడాదికి రెండు ఆటలుండాలి. అవి పోతే ఈ ఫోన్ ఇంక ఎప్పుడు మోగుతుంది? కరెంటాఫీసు వాళ్ళు తప్ప ఎవరు చేస్తారు నాకు? వద్దని వెయ్యి. నీ క్లబ్బు కోసం కాదు, నా కోసం వెయ్యి. కాలు నొప్పైతే నేనొచ్చి తీసుకెళ్తాను, ఇంకా గంటన్నర ఉంది."

"అక్కర్లేదురా."

"రిక్షానో, టాక్సీనో, ఏదో ఒకటి మాట్లాడతా. నువ్వు కదలక్కర్లేదు."

"అది కాదు. నేను వేసేశాను."

"వేసేశావా? ఆటకి రాలేదు గానీ..."

"ఓటుకి వెళ్ళాను. కర్ర పట్టుకుని, మూడు చోట్ల కూర్చుని కూర్చుని. ఆఫీసు కింది అంతస్తులోనే కదా, మెట్లు లేవు."

"అమ్మయ్య. వద్దనే వేశావు కదా?"

"పాలు పొంగినట్టున్నాయి, చూసొస్తా ఉండు."

"పాలు లేవు, ఏమీ లేవు! అక్కా, దేనికి వేశావు?"

"కలపాలని."

"కలపాలనా!"

"అందుకే ఫోన్ చెయ్యలేదు. నువ్వు ఎండనకా వాననకా కాగితాలు పంచుతున్నావని తెలుసు. చేస్తే అడుగుతావు, అడిగితే అబద్ధం చెప్పలేను. ఆరు దాటాక చేద్దామని కూర్చున్నాను."

"అంతేలే. నాకర్థమైంది."

"ఏమర్థమైంది?"

"ఆ రెండు ఫోన్లు కూడా నీకు బరువైపోయాయని. మొహమాటానికి చేస్తున్నావని. ఉంటానక్కా. కాలు జాగ్రత్త."

"ఒరేయ్, పెట్టావంటే చూడు! గడియారాలు విప్పి విప్పి నీ బుర్ర కూడా అంతే చిన్నదైపోయింది. నేనడిగినదానికి జవాబు చెప్పి అప్పుడు పెట్టుకో. మీ మిల్లు ఈ ఏడాది ఎన్ని ఓడింది?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"పద్నాలుగు."

"మా షెడ్డు ఇవాళ్టితో పదహారు. రెండూ కలిపితే ఏమవుతుందన్నావు ఇందాక?"

"వారం వారం ఓడుతుందన్నాను."

"రాసిపెట్టుకో అన్నావు. అమ్మేమంది?"

"ఓడినవాళ్ళే ముందు పలకరించాలంది."

"జట్టు ఒకటే అయితే, ఆ వారం ఓడిందెవరు?"

"ఇద్దరం."

"ఏడాదికి రెండు ఆటలు నాకు చాలట్లేదురా. ఆ రెండూ డ్రా అయితే నా మోకాలు ఎవరికి చెప్పుకోను నేను? నువ్వు కొట్టు మూసేస్తే నాకెవరు చెప్తారు? మామూలుగా చేద్దామంటే నాకు మొహం చెల్లదు, నీకూ చెల్లదు. ఏదో ఒక వంక ఉండాలి మనకి. వారానికొకటి దొరుకుతుంటే వద్దని ఎలా వెయ్యను? వింటున్నావా? ఏంటా చప్పుడు?"

"చెప్పులు వేసుకుంటున్నా."

"ఎక్కడికి?"

"క్లబ్బుకి. ఆరు కాకముందే వెళ్ళాలి. ఓటు కాగితం జేబులోనే ఉంది."

"నీ కాగితాలు తీసుకున్నవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి అడిగితే ఏం చెప్తావు?"

"అందులో తప్పులున్నాయని మా అక్క చెప్పిందంటాను. అక్కా, ఒక్కటే భయం. ఒకవేళ ఎప్పుడైనా గెలిస్తే?"

"మన జట్టా? గెలవదులే, వెళ్ళిరా."