లోపలొకడు, బయటొకడు

రేణిగుంట దాటాక డీజిల్ ట్యాంకు కడుతున్నారు. మనిషికి మించిన ఎత్తున ఇనుప ప్లేట్లు గుండ్రంగా నిలబడ్డాయి. ఆఖరి ప్లేటు ఒక్కటే ఇంకా క్రేను కొక్కేన్ని వదల్లేదు. దాని ఒక అంచు పొద్దునే కలిసింది, రెండో అంచు కలవాలి. లోపల మునిప్రసాద్, బయట అతని బామ్మర్ది సుందరరాజు. ఉగాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గొంతెత్తితే తప్ప ప్లేటుకు అవతల మాట వినబడదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించడానికి ప్లేట్ల సందు దగ్గర జయంతి నిలబడింది. లోపలివాడికి భార్య, బయటివాడికి చెల్లెలు.

"నీ అన్నకు చెప్పు, ప్లేటు ఇంగ అర నూలు, గోరు మందమంత, లోపలికి రావల్ల. తోసేటప్పుడు ఎనుమును తోసినట్టు తోయొద్దను."

"అన్నా, అర నూలు లోపలికంట. నిదానంగా తోస్తే సాలంట."

"నిదానంగానా? ఆ మాట ఆయనే అన్నాడా?"

"ఆయనే అన్నాడన్నా."

"మీ ఆయన నోట్లో నిదానం ఎప్పుడు పుట్టిందో అడుగు. ప్లేటుకు కాదు, ఆయన నాలిక్కి లెవెల్ పెట్టి సూడల్ల."

"ఏమంటాండాడే?"

"సరే అంటాండాడు మావా."

"సరే అనేదానికి అంతసేపా?"

"గాలికి సగం మాటలు పోయినాయి."

"గాలి యాడుండాది? ఈ ట్యాంకులో కోడిగుడ్డు పెడితే ఉడికిపోతాది. సరే, చీల కొట్టమను."

"అన్నా, చీల కొట్టు."

"ఎంత దిగల్ల?"

"ఎంత దిగల్ల మావా?"

"రవ్వంత. సమ్మెట సేతిలో పెట్టుకోని ఎంత కొట్టల్లో గూడా తెలీని మనిషి ఫిట్టరని చెప్పుకుంటాడు."

"రవ్వంత సాలంట అన్నా. నీకు తెలుసులే అంటాండాడు."

"నాకు తెలుసునని ఈయనకు తెలుసా? ఉగాది ముందర తెలీలేదే."

"ఆ మాట ఇప్పుడేంటికన్నా. కొట్టు."

"కొడతాండా గదా, నువ్వు కాళ్ళు ఎనక్కి పెట్టుకో. ప్లేటు ఊగితే సెప్పి ఊగదు."

"ఆపమను. ఏమే, ఆపమను. పైన కలిసింది, కింద ఎత్తు పల్లం ఉండాది. గోరుతో గీస్తే తగులుతాండాది."

"అన్నా ఆపు. పైన కలిసిందంట. కింద గోరు తగులుతాండాదంట."

"మొన్నటి ట్యాంకులో ఆ గోరు యాడికి పోయిండె అని అడుగు."

"ఏమంటాండాడు?"

"వంగి కింద సూస్తాండాడు మావా."

"సూడనీ. కండ్లుంటే గదా అగుపించేది."

"మావా, ఒక మాట."

"ప్లేటు నెత్తిన ఏలాడతాంటే మాటేందే?"

"శుక్రవారం గురించి."

"శుక్రవారానికేమి? కొండ మీద రూమ్ దొరికింది, పాపకు పుట్టు ఎంటికలు తీపిస్తాండాము. ఇంగేం కావల్ల?"

"ఒడి కావల్ల. కత్తి పెట్టేటప్పుడు మేనమామ గదా బిడ్డను ఒళ్ళో కూచోబెట్టుకునేది. నాకుండేది ఒక్క అన్న."

"వస్తే రమ్మను. నేను అడ్డం పడుకున్నానా?"

"నువ్వు పిలవల్ల మావా. బావ నోటితో పిలిస్తేనే మేనమామ వచ్చేది. నేను పిలిస్తే అది పిలుపా?"

"నేను పిలిచేది లే. మా అక్క మొగుడు వస్తాడు, ఆయన ఒళ్ళో కూచోబెడతాం. ఒడికి కరువా?"

"ఆయన్ను పాప సూసిందే లే. కొత్త ఒడిలో పాదరసం మాదిరి జారిపోతాది. మంగలాయన కత్తి పెట్టినాక బిడ్డ ఇట్ల తల తిప్పిందనుకో, కత్తి యాడ దిగుతాది? నడినెత్తి ఇంగా మెత్తగానే ఉండాది మావా, సెయ్యి పెడితే కొట్టుకుంటాది. మా అన్న ఒళ్ళోనే అది కదలకుండా ఉండేది. టీకా ఏసినప్పుడు సూడలేదా?"

"నీకు రోజుకొక బయ్యం. మొన్న గడ్డపెరుగుకు బయపడినావు. కింది చీల కొట్టమను నీ అన్నను."

"అన్నా, కింది చీల. నిదానంగా."

"కొడతా. నీ కండ్లల్లో నీళ్ళేంది?"

"తుప్పు పడింది. అన్నా, శుక్రవారం కొండకు రావల్ల నువ్వు."

"పిలుపు రానీ."

"నేను పిలుస్తాండాను గదా."

"నువ్వు నా చెల్లెలు. నీ మాట మీద నేను పోయి కూచుంటే, నిన్నెవురు పిలిచినారని మీ ఆయన నలుగురిలో అంటే? నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"ఆయనే పిలవమన్నాడు."

"అట్లయితే ఈ సందులోంచి ఒక్క మాట అనమను. నా సెవి ఇంత దూరంలోనే ఉండాది. రూప పాప నా ఒళ్ళో తప్ప కూచోదని నాకు తెలీదా? ఒక్క మాట సాలు."

"ఏందే గుసగుస?"

"చీల మారుస్తాండాడు మావా. మావా, నేను పోయొస్తా. పాప ఏడుస్తాండాది, పాలియ్యల్ల."

"ప్లేటు ఇట్లుంటేనా?"

"ప్లేటు ఎట్లుండేది బిడ్డకు తెలుస్తాదా?"

"మరి ఆయనకెవురు సెప్పేది?"

"క్రేను డ్రైవరుకు అన్న సెయ్యి ఊపుతాడు. నీ మాట మోసేదానికి మాత్రం నాకు ఓపిక లే. ఇంత బరువు ప్లేటును ఎత్తే క్రేను గూడా మీ మాటలు ఎత్తలేదు మావా. పోతాండా."

"జయంతీ. ఏమే. ఏమే జయంతీ."

"పాయింది."

"ఎవురది?"

"ట్యాంకు బయట ఎవురుంటారు బావా. నేనే."

"నేను నిన్ను అడగలే."

"నేనూ నీకు సెప్పలే. ప్లేటుకు సెప్పినా."

"అయితే ఆ ప్లేటుకే సెప్పు, కింది చీల ఇంగ రవ్వంత దిగల్లని."

"దిగతాది. పై చీల వదలాల్నా అని ప్లేటు అడుగుతాండాది."

"వదలొద్దు. వదిలితే కలిసింది చెడిపోతాది. కొట్టు."

"కొడతాండా."

"ఆపు. ఇంగొకటి కొట్టు. అంత గట్టిగా కాదప్పా, కొబ్బరికాయ కొట్టినట్టు కొడతాండావు."

"ఇట్లనా?"

"అట్ల. అట్లే ఉండు."

"బావా."

"ఏంది?"

"పాప ఏడుస్తాండాదని గదా ఆయమ్మ పోయింది?"

"అవును."

"పాప ఉయ్యాల్లో నిద్రపోతాండాది. నాకు ఈడ్నుంచి అగుపిస్తాండాది. నీ పెండ్లాం పక్కన కూచోని శనక్కాయలు ఒలుస్తాండాది."

"ఒలిచి?"

"తింటాండాది."

"మన పక్క సూస్తాండాదా?"

"మొగం ఆ పక్క. సెవులు ఈ పక్క."

"అయితే నాకు అబద్ధం సెప్పింది."

"నీకొక్కడికేనా? ఇందాక నన్ను 'నీకు తెలుసులే' అన్నావంటనే?"

"నేనా? నువ్వు ఫిట్టరే కాదని అన్నా."

"నేనూ సరే అనలే. నీ నాలిక్కి లెవెల్ పెట్టల్లని అన్నా."

"అట్లన్నావా?"

"అన్నా."

"బాగుండాది ఆ మాట. నేను మేస్త్రీ మీద వాడుకుంటా. మరి పుత్తూరు నూనె?"

"ఏ నూనె?"

"నా మోకాలికి. మా అన్న పుత్తూరు పోయి నీ కోసరం తెచ్చినాడని సీసా సేతికిచ్చింది. రోజూ పూసుకున్నా, తగ్గింది గూడా."

"నీకు మోకాలు నొప్పని నాకు ఇప్పుడే తెలుస్తాండాది బావా."

"తెలీదా?"

"ఒట్టు. ఆగు, ఆగు. మరి ఉగాదికి నువ్వు పంపిన ఓలిగలు?"

"నేను పంపలే. నీకు పెట్టొద్దని సెప్పినా గూడా."

"అన్నీ తిన్నానే. తిని, బావ మనసు మెత్తబడింది, రేపో మాపో పలకరిస్తాడని కూచున్నా."

"నేను నూనె పూసుకుంటా అదే అనుకుంటాంటి. ఇంత నూనె తెచ్చే మనిషి ఆ పొద్దు ఇంజనీరు ముందర నా పేరు ఏంటికి సెప్పినాడా అని ఒకటే ఆలోచన."

"ఆ పేరు సంగతి నువ్వు అడగనే లేదు గదా."

"అడిగేదేముంది? నలుగురి ముందర, ఆ జాయింటు మా బావది అని ఎంత ఎచ్చుగా సెప్పినావు. సాయంత్రానికి కోయించి మళ్ళా సేయించినారు. నా మొగం నేలకేసి కొట్టినట్టయింది."

"బావా, ఆయన ఏం సేసినాడో నువ్వు సూడలే. నీ జాయింటు మీద ఏలు పెట్టి, పిల్లోని చెంప నిమిరినట్టు అటూ ఇటూ నిమిరినాడు. నగతా అడిగినాడు, ఎవురు సేసినారు ఇది అని. మెచ్చుకుంటాండాడు అనుకున్నా. కోపమొస్తే నగే మనిషని నాకేం తెలుసు? మా బావది అని రొమ్ము ఇరుసుకోని సెప్పినా."

"మెచ్చుకుంటాండాడనా?"

"దేవుని సాక్షి."

"ఆ మాట అప్పుడే సెప్పచ్చు గదా?"

"నువ్వు మాట్లాడితే గదా సెప్పేది."

"జయంతితో సెప్పి పంపచ్చు."

"పంపితే నమ్మిందువా?"

"నూనె సంగతి ఇన్నాక నమ్మను. సుందరా, నిజం సెప్పు. ఆ జాయింటు అంత బాగలేదా?"

"బాగలే బావా. నీదైనా బాగలే. గోరు కాదు, ఏలే తగిలింది."

"ఆ ముందు రాత్రి పాపకు జొరం. తెల్లార్లూ ఎత్తుకోని తిరిగినా. కండ్లు మూతలు పడతాండాయి."

"అదీ నాకు తెలీదు. ఆయమ్మ ఓలిగలు మోసింది గానీ జొరం సంగతి సెప్పలే."

"నువ్వు బయపడతావని సెప్పి ఉండదు."

"బయపడతా. మేనమామను కాదా?"

"సరే, సరే. గ్యాప్ కమ్మి పెట్టి సూడు, దూరుతాందా?"

"పైన్నించి కిందిదాకా ఒక్కటే మాదిరి దూరింది. రెండు అంచుల మధ్య ఎంత ఉండల్లో అంతే ఉండాది."

"గోరు?"

"ఈ పక్క తగల్లే. నీ పక్క?"

"ఈ పక్కా తగల్లే. ఇంగొకసారి గీయనీ. లే, తగల్లే."

"టాక్ కొట్టేదా? వెల్డింగు చుక్కలు నాలుగు పెడితే ఇంగ కదల్దు."

"ఆగు. ఈడికి రా, సందు దగ్గరికి. నీ కన్నొకటి అగుపిస్తాండాది నాకు."

"నీదీ అగుపిస్తాండాది. ఎర్రగుండాది."

"రేపు వెల్డరు వస్తే ఈ సందు మూసుకుంటాది. అందుకే ఇప్పుడే సెప్తాండా. శుక్రవారం కొండకు రా సుందరా. పాపను ఒళ్ళో పెట్టుకునేది నువ్వే."

"రాకుంటే ఎట్ల బావా. మీ కంటే ముందే పోయి మెట్ల కాడ నిలబడి ఉంటా."

"నీ చెల్లెలికి మాత్రం ఇప్పుడే సెప్పొద్దు. సాయంత్రం దాకా అల్లాడనీ."

"అల్లాడనీ. ఓలిగలకు ఇదొకటి."

"నూనెకు ఇంగొకటి. అది మామూలు ఆముదమని నాకు అప్పుడే అనుమానమొచ్చింది."

"మరి తగ్గిందంటివే?"

"తగ్గిందప్పా, అదే నాకూ అర్థం కాలే. కొట్టు, టాక్ కొట్టు. నగతా కొడితే సెయ్యి వణుకుతాది, ముందర నగేది ఆపు."

"నువ్వు ఆపితే నేను ఆపతా."

"అలో. ఎవురు, సుబ్రమణ్యం మేస్త్రీనా? నేను జయంతిని. పని సేసేటప్పుడు వాళ్ళ ఫోన్లు నా దగ్గరే ఉంటాయి మేస్త్రీ."

"నువ్వే ఎత్తింది మంచిదాయలే. ఆఖరి ప్లేటు కలిసిందా?"

"కలిసింది. ఇప్పుడే టాక్ కొడతాండారు."

"గట్టివాళ్ళు. ఇదో జయంతీ, సూళ్ళూరుపేట పక్క నీళ్ళ ట్యాంకు పని తగిలింది. లోపలొకడు, బయటొకడు, జత కావల్ల. రేపు పొద్దునే లారీ ఎక్కల్ల, ఎల్లుండి శుక్రవారం ఆడ మొదటి ప్లేటు నిలబడల్ల. రెండు వారాలకు గానీ తిరిగొచ్చేది లే."

"శుక్రవారమా? ఇంగెవురినైనా పంపకూడదా మేస్త్రీ?"

"వీళ్ళ సెయ్యి ఇంగెవురికుండాది? నేను పొమ్మంటే వాళ్ళు కాదనరు, పెండ్లి పీటల మీద ఉన్నా లేసి పోతారు. నా దిగులంతా ఒకటే. నువ్వు మధ్యలో నిలబడి మాటలు మోస్తాండావంట. ఆడ మోసేదానికి మనిషి లే. అందుకే నిన్నే అడుగుతాండా, నువ్వు అబద్ధం సెప్పే మనిషివి కాదు. ఇద్దరూ మాట్లాడుకుంటాండారా? అవునంటే ఇప్పుడే ఇద్దరి పేర్లూ సెప్పేస్తా."

"ఇద్దరూ మాట్లాడుకుంటాండారా అనా మేస్త్రీ?"

"అదేనమ్మా అడిగేది. ఎనకాల ఎవురో నగతాండేది ఇనబడతాండాదే."

"అది క్రేను డ్రైవరు మేస్త్రీ."

"ఇద్దరు నగినట్టుండాది."

"ఆయన ఫోన్లో ఎవురితోనో మాట్లాడుకుంటా నగతాండాడు, స్పీకర్ పెట్టుకోని."

"మరి మీ వాళ్ళు?"

"మా వాళ్ళ సంగతి ఏం సెప్పమంటారు మేస్త్రీ. ఒకరు తూర్పుకు తిరిగితే ఒకరు పడమరకు తిరుగుతారు. నేనూ శానా సూసినా. ఈ జన్మకు మాట్లాడుకునేట్టు లేరు."