క్వారీ నీళ్ల మీదికి తోసిన నేరం

ఉపేందర్‌ను క్వారీ నీళ్లు మింగలేదని నాకు ముందే ఎరుక, అరుణన్నా. గీ మాట నోట్లకెళ్లి రావుడు గిదే మొదటిసారి.

నవ్వకు. మన సీరియల్‌ల పోరని ముచ్చట కాదు. మా తండా ఉపేందర్. గూడూరు అవతల కంకర క్వారీల పనికి పోయి, మళ్ల ఇంటికి రానోడు.

నువ్వు డైరెక్టరువు, ఆఖరి భాగం చదివి ఎగిరి గంతేస్తివి. "అనితా, హంతకుడే లేని నేరం! పేరు లేనిది, ఆకాశమంతది, నీళ్లల్ల పండుకొని మనుషులను పిలుస్తది. దాన్ని చూసి పోలీసాయన కేసు మూసేస్తడు. ఎట్ల తట్టింది?" అంటివి.

ఏం తట్టిందన్నా? భయం తట్టింది!

మొదాలు నేను రాసినదాంట్ల మనుషులే ఉండిరి. చెప్పకుండ బండ పేల్చిన మేస్త్రి, శవాన్ని టిప్పర్ల ఏసుకపోయిన డ్రైవరు. ఆ డ్రైవరెవరు? మా సొంతన్న, ప్రేమ్‌సింగ్. తాగొచ్చి నా ముంగటనే అంతా చెప్పి ఏడ్చిండు. నేనేం చేసిన? వాళ్లను తీసేసి, ఆ జాగల చుక్కల అవతలికెళ్లి వచ్చినదాన్ని పెట్టిన. దానికెవడు బేడీలేస్తడు?

జనం మస్తు మెచ్చుకున్నరు. ఉపేందర్ వాళ్లమ్మ సాలమ్మ గూడ చూసింది.

వారం వారం ఠాణా గేటుకాడ కూసునేటామె, ఇప్పుడు పోతనే లేదు. "మనిషైతే అడగొచ్చు బిడ్డా. గంత పెద్దదాన్ని ఏమడుగుతం?" అన్నది. "కథ పెద్దమ్మా, ఉత్త కథ" అన్న నేను. "అన్ని పుస్తకాలు చదివినదానివి, ఊకె రాస్తవా?" అన్నది.

నిన్న క్వారీ గట్టు మీద నిప్పులల్ల నెయ్యి, బెల్లం ఏసి భోగ్ పెట్టింది. "నా కొడుకును మంచిగ చూసుకో" అని ఆ నీళ్లకు మొక్కింది. పక్కన మా అన్న నిలబడ్డడు. వాడు గూడ మొక్కిండన్నా! కండ్లు మూసుకొని, నిమ్మలంగ.

ఏందీ? రెండో సీజన్ల హంతకుని పెడదామా? నీకు సిగ్గున్నదా? నాకుంటే గద, నిన్ననుడు.

మా అన్న జైలుకు పోతడు. వదిన నన్ను గడప తొక్కనియ్యదు. అంతా ఎరుకే. గని ఆమె కొడుకు ఆ నీళ్లల్ల లేడన్నా. అవతల మట్టికుప్ప కింద ఉన్నడు.

జర జరుగు, కిటికీకాడనే సిగ్నల్ వస్తది. ఠాణాకు తర్వాత చేస్త. ముందుగాల సాలమ్మ పెద్దమ్మకు.

ఆమె ఎత్తకుంటే మంచిగుండునని గూడ అనిపిస్తున్నది. అయినా చేస్తున్న.