అయ్యగారు మోసిన మరక

సంఘ పెద్దలకూ, అమ్మగారికీ, వెనక గోడ దాకా సర్దుకుని కూర్చున్న మీ అందరికీ వందనాలు. ఇంతమందిని ఒక్కసారి చూసి ఉంటే మన పాస్టరు అయ్యగారు ప్రసంగం ఇంకో అరగంట పొడిగించేవారు. ఆయన లేరు కాబట్టి మీరు బతికిపోయారు. నవ్వండి, ఫరవాలేదు. లేరన్న మాట నా నోటికింకా అలవాటు కాలేదు. నవ్వుతూ అంటే కాస్త తేలిగ్గా వస్తోంది.

నేను ఆయన దర్జీని. ఇరవై రెండేళ్లుగా ఆయన తెల్ల అంగీలు కుట్టింది నేనే. ఏటా కొలత తీస్తే నడుము దగ్గర టేపు రెండు వేళ్లు ముందుకు జరిగేది. "నీ టేపు పాతబడిందయ్యా, మార్చు" అనేవారు. మార్చాను కూడా. కొత్త టేపు మూడు వేళ్లు చెప్పింది.

ఒకసారి కొలతల మధ్యలో అడిగాను, మాకూ దేవుడికీ మధ్యవర్తి మీరే కదా అని. "కాదయ్యా. మన ప్రధాన యాజకుడు ఒక్కడే, క్రీస్తు. తలుపు ఆయనే. ఆ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన రాయిని నేను" అన్నారు. ఆ రాయి బరువెంతో నా టేపుకు తెలుసు.

ఇందాకటి నుంచీ మాట్లాడినవాళ్లంతా ఆయన్ను 'ఇస్త్రీ అయ్యగారు' అనే తలుచుకున్నారు. ఎందుకొచ్చింది ఆ పేరు? స్త్రీల సమాజం వాళ్లు ఏడాది పాటు పువ్వులు కుట్టిన బల్లగుడ్డను, మొదటిసారి పరిచే రోజు పొద్దున్నే, ఆయన ఇస్త్రీపెట్టెతో మాడ్చేశారని. మీకు తెలిసింది అంతే కదా? ఆనాటి నుంచి అమ్మగారు ఆయన్ను ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వలేదు. ఆ సుఖం మాత్రం ఆయన బాగానే అనుభవించారు.

అయ్యలారా, అమ్మలారా, ఆ గుడ్డ మాడ్చింది ఆయన కాదు. నేను.

అప్పటికి నేను ఈ ఊరొచ్చి మూడు నెలలు. గుడి పక్క గదిలో, అయ్యగారు అప్పజెప్పిన ఆ గుడ్డ ఇస్త్రీ చేస్తుంటే ఇవతల పాటలవాళ్లు శ్రుతి తప్పారు. పెట్టె గుడ్డ మీదే వదిలేసి సలహా చెప్పడానికి పరిగెత్తాను. నాకు పాట రాదని మీకందరికీ తెలుసు. తిరిగొచ్చేసరికి గదంతా పొగ. అయ్యగారు పెట్టె ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఆ వెనకే స్త్రీల సమాజం. ఇక్కడ కూడా ఉండనివ్వరు, పిల్లల్ని తీసుకుని మళ్లీ ఎక్కడికి పోవాలి అని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన నా మొహం చూశారు. "గుడ్డ నాకప్పగించారు. జవాబు నాదే" అన్నారు. ఒక్క అబద్ధం ఆడలేదు. పడాల్సిన చీవాట్లన్నీ తలొంచుకుని పడ్డారు.

తర్వాత నేనేం చేశాను? గుడి ఊడ్చాను. రోజూ ఊడ్చాను. కిటికీలు తుడిచాను, బల్లలు తుడిచాను, తుడిచినవే మళ్లీ తుడిచాను. ఒకనాడు ఆయన నా చేతిలో చీపురు లాక్కున్నారు. "నేల కోసమైతే ఊడ్చు. ఆ గుడ్డ కోసమైతే మానెయ్. క్రీస్తు బలి ఒక్కసారే అయిపోయింది. నువ్వు రోజుకో చిన్న బలి పట్టుకొస్తే ఆయనది చాలలేదన్నట్టే కదా?" అన్నారు. ఆ రోజు నుంచి నేల కోసమే ఊడ్చాను. నిజం చెప్పొద్దూ, ముందుకంటే బాగా ఊడ్చాను.

అందరికీ చెప్పేస్తానండీ అంటే, "భయం పోయాక చెప్పు" అనేవారు. భయం పోయేసరికి ఆయనే వెళ్లిపోయారు. ఆయన వింటుండగా చెప్పలేకపోయాను. నాకున్న దుఃఖం అదే.

ఆయన ఫొటో కింద పరిచింది ఆ గుడ్డే. మధ్యలో ఉన్న అతుకు నా చేతిపని. దాని కింది మరకా నా చేతిపనే. ఆ పేరు నాది, నాకిచ్చేయండి అని అడుగుదామనే లేచాను. కానీ ఆయన మోసేశారు. నేను మోయడానికి ఏమీ మిగల్చలేదు. అందుకని ఇకముందూ ఇస్త్రీ అయ్యగారనే పిలవండి. ఎందుకన్నది తెలిసి పిలవండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడొద్దు. ఇరవై రెండేళ్లు ఆయన నోరు విప్పలేదు.