ఆముదం తాగిన కారు

చిత్తూరులో ఓబయ్య కాఫీ కొట్టు బల్లమీద మునస్వామి కూర్చున్నాడంటే కాఫీ చల్లారిపోవాల్సిందే గాని, అతని మాట చల్లారదు. ఆ రోజు మరీను. ఎదురుగా గూడూరు నిమ్మకాయల వ్యాపారి రంగనాథం కూర్చుని ఉన్నాడు. ఆయన ఈ మధ్యే ఒక పాతకాలపు కారు కొన్నాడు. దానికి డ్రైవరు కావాలి. యుద్ధం ముగిసినప్పటి నుంచీ పనిలేక తిరుగుతున్న మునస్వామికి ఆ కొలువు ఎట్లాగైనా కావాలి.

“నూనెల సంగతి నన్నడగండి సామీ,” అని మొదలుపెట్టాడు. “యుద్ధంలో ఇంజిన్ ఆయిలు చుక్క దొరికిందా? అప్పుడు కాణిపాకం కాడ గానుగ నాగులమ్మ మొగుడి చెయ్యి గానుగలో పడి నలిగింటే, ఈ చిత్తూరు ఆస్పత్రికి తేవాల. నేను తోలే మా జమీందారు కారు చూస్తే లోపల ఎండిపోయి ఉండాది. రెండు పడుల ఆముదం పోసి తీసినాను బండి.”

“ఆముదమా?” అన్నాడు రంగనాథం.

“ఆముదమే. విమానాలకే పోస్తారంట. ఇంక కారు ఆగుతుందా? ఆముదం తాగినోడు యాడన్నా ఆగుతాడా చెప్పండి. ఆ పరుగుకి రేడియేటర్లో నీళ్లు ఇగిరిపోతే రోడ్డు పక్క ఇంట్లో కుండెడు మజ్జిగ అడిగి పోసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుంతల రోడ్డుకి లోపలే చిలికి చిలికి, మూత తీస్తే ఇంత వెన్నముద్ద. ఆ వెన్న కాచి గేరు పెట్టెలో పోసినాను. నెయ్యి వాసనకి, అన్నదానం బండి అనుకొని గుడికొచ్చినోళ్లంతా ఆకులు పట్టుకొని వెంటబడినారు.”

“మరి బ్రేకులకో?” అన్నాడు ఓబయ్య, నవ్వు ఆపుకుంటూ.

“ఆముదంలో సారాయి కలిపినా. ఆడే తప్పు చేసినా అబ్బా. కారుకి మైకమెక్కి బ్రేకు తొక్కితే వినదే. పాకాల రైలుని దాటేసి, గాల్లోకి లేసి ఏరు మీద పోతాంటే చేపలు తలెత్తి చూసినాయి. ఆస్పత్రి కాడ దిగి గడియారం చూస్తే, మేం బయల్దేరిన టయానికి ఇంకా ఐదు నిమిషాలుండాది.”

కొట్టుకు వాడికగా నూనె పోసే నాగులమ్మ అప్పుడే వచ్చి, వాకిట్లో కుండ దించి ఇదంతా వింటూ ఉంది. మునస్వామి ఆమెను చూసుకోలేదు.

“అబద్ధమప్పా,” అందామె. “ఆ పొద్దు నీ కారు గుర్రుమని కూడా అనలా.”

మునస్వామి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. కొలువు చేజారిందనుకున్నాడు.

నాగులమ్మ రంగనాథం వైపు తిరిగింది. “ఆముదం నేనిచ్చింది నిజమే సామీ. లోపల పాత నూనె గరిటెడు ఉండాది, రెండూ కలవవు, జిగురై సగం దావలో ఇంజిను బిగుసుకుంటే నీ మొగుడు ఆడే పోతాడు అని, ఈయన పోసేదే లేదన్నాడు. ఎద్దుల బండి కుదుపులకి మా ఆయన తాళలేడు. దాంతో ఆయన్ని కారులోనే మెత్తటి సీటు మీద పండబెట్టి, స్టీరింగు నాచేత పట్టించి, ముందర మా గానుగెద్దును కట్టినాడు. అది గుండ్రంగా తిరిగేదే గాని నేరుగా పోయి ఎరగదు. పది అడుగులకొకసారి పక్కకి తిరుగుతా ఉంటే, ముకుతాడు పట్టుకొని ఆరేడు మైళ్లు ఎండలో నడిచినాడు, కాళ్లకి చెప్పుల్లేకుండా. మా ఆయన చెయ్యి నిలబడింది. ఈ నూనె ఆయన ఆడించిందే. బతికినన్నాళ్లూ ఈయనకి దండం పెట్టుకుంటాను. ఆ మాట చెప్పుకోకుండా, చేపలు చూసినాయంట చేపలు.”

మునస్వామి తల వంచుకున్నాడు. ఎద్దును తోలిన డ్రైవరంటే నలుగురూ నవ్వుతారనే అతను ఇన్నేళ్లూ కోతలు కోసింది. తన మేలు ఆమె మనసులో ఇంతగా ఉందని తెలియదు.

“సల్లగుండు నాగులమ్మక్కా,” అన్నాడు.

రంగనాథం లేచి దగ్గరికొచ్చాడు. “నా కారులో ఏ నూనె పొయ్యాల?” అని అడిగాడు.

ఇంకో కోత వినడానికి ఓబయ్య చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“లోపల ఏముండాదో చూడకుండా చెప్పలేను సామీ,” అన్నాడు మునస్వామి.

రంగనాథం జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

“అయితే పోయి చూడు.”