కాగితం మీద మడత

మసేనని ఒకడుండేవోడు. ఇంజిన్ల మసేను. మా ఒడ్డున ఏ పడవ ఇంజిను మొరాయించినా ఆడి షెడ్డుకే మోసుకెల్లేవోళ్లు. తల్లి లేని కూతురు ఒక్కత్తే ఆడికి, లోవకుమారి. ఆ గుంటకి నీళ్ల స్కూటరు పిచ్చి. అదే, సముద్రం మీద బైకునాగ కూకుని బుర్రున ఎల్తారే, అది. ఏడాదికోపాలి పందెం ఎడతారు. మూడేళ్లుగా పక్కూరి రత్నమే గెలుస్తున్నాడంట. ఈ ఏడు నా కూతురే గెలవాలని మసేను పట్టు పట్టేసాడనుకో.

ఏటైందంటే, పందానికి నెల ముందు ఆ రత్నమే తన నీళ్ల స్కూటరు సిలిండరు అట్టుకుని వొచ్చాడంట. "బావా, బోల్టు మర పోయింది, బాగుసెయ్యి. లోపల మాత్రం సూడకేం" అని నవ్వుకుంటా ఒగ్గేసి ఎల్లాడు. సూడకంటే ఊరుకుంటాడా? మీరైతే ఊరుకుంటారా సెప్పండి. టూ స్ట్రోకు ఇంజిన్లో కిటుకంతా అక్కడే ఉంది మరి. దానికి వాల్వులుండవు. సిలిండరు గోడకి కిటికీలుంటాయి, పిస్టనే పైకీ కిందకీ తిరుగుతా వాటిని తెరుస్తది, మూస్తది. పొగ పోయే కిటికీని కాస్త పైకీ, కాస్త ఎడల్పుగానూ అరగదీసావనుకో, బండి ఎగిరిపోద్ది. ఎంత అరగదీయాలన్నదే రహస్యం. మసేను ఏటి సేసాడు? పల్సటి కాగితం సిలిండర్లోకి సుట్టి తోసి, మసి ఏలుతో రుద్దాడు. కిటికీల అచ్చు దిగిపోయింది. అంతలో బయట రత్నం మోటారు సైకిలు సప్పుడు. గబుక్కున కాగితం నాలుగు మడతలెట్టి మొలలో దోపేసుకున్నాడు. ఆత్రంలో కాగితాన్నే సూసాడు గాని సిలిండర్ని సరిగ్గా సూడనేలేదు.

మర్నాడు కాగితం ఇప్పితే లోవ సూసింది. "తప్పు అయ్యా, నమ్మి ఇచ్చాడు కదా" అందంట. నువ్వూరుకోయే అన్నాడు మసేను. "మరి పొగ పోయే కిటికీ మద్దిన ఈ నిలువు గీతేటి?" అంది. "మడత. కాగితం మడతెడితే గీత పడదా?" అన్నాడంట. లోవ బండి సిలిండరుకి పొగ పోయే కిటికీ మొదట్నించీ ఒంటిదే, సిన్నది. దాన్ని అచ్చు ప్రకారం ఆ సివర్నించి ఈ సివరకి, మద్దిన ఏటీ ఒగ్గకుండా అరగదీసేసాడు.

పందెం రోజు లోవ ఎల్లిందీ ఎల్లడం, ఓలమ్మ, రత్నాన్ని దాటేసింది! మసేను ఒడ్డున గెంతులే గెంతులు. నల్లరాళ్ల దగ్గర మలుపు తిరగబోతా ఉంటే, టప్‌మంది. ఆగిపోయింది. ఆ ఊపుకి గుంట ఎగిరి నీళ్లలో పడింది. కెరటం దాన్ని రాళ్ల మీదకి లాగేస్తంది. నాను అక్కడే ఉన్నాను, కళ్లారా సూసాను. రత్నం పందెం ఒగ్గేసి బండి తిప్పాడు. సెయ్యి అందించి దాన్ని పైకి లాగాడు. బండిని కూడా తాడేసి ఒడ్డుకి తెచ్చాడు.

ఇసకలోనే స్పానరుతో ఇంజిను ఇప్పి సూసాడు రత్నం. పిస్టను సుట్టూ ఉండే ఇనప రింగు ముక్కలైపోయి కిటికీ అంచుకి ఇరుక్కుని ఉంది. "రింగు ఎప్పుడూ బయటకి నెడతానే ఉంటది బావా. కిటికీ ఇంతెడల్పయితే అందులోకి పొంగి అంచుకి తగిలేస్తది. అందుకే నా దాంట్లో రింగుని ఆపడానికి మద్దిన నిలువుగా కంబం ఒగ్గేసి..." అని ఆగిపోయాడు. ఏళ్లతో కిటికీ కొలిసాడు. మళ్లీ కొలిసాడు. తల ఎత్తి, "ఇది నా కొలతే కదా బావా. కంబం ఏది?" అన్నాడు. తడిసి వొణికిపోతన్న లోవే సెప్పింది: "మా అయ్య దాన్ని కాగితం మడతనుకున్నాడు."

రత్నం తిట్టలేదు, కొట్టలేదు. స్పానరు మసేను సేతిలో ఎట్టి ఎల్లిపోయాడు. ఇప్పటికీ ఎవరైనా ఎదురుగా కాగితం మడతెడితే మసేను ఉలిక్కిపడతాడు. ఆ ఏడు పందెం ఎవరు గెలిసారో నానైతే కనుక్కోలేదు, మీరూ అడక్కండి.