తుర్కపల్లి సంచి

రెండువేల నాలుగు, ఎండాకాలం చివర. మేడ్చల్‌లో ఒక అద్దె ఇంటి వరండా. పెద్ద చదువు కోసం ఊరూరి మట్టి తెచ్చి, పరీక్ష చేయించి, మ్యాపు గీసే పనిలో పడి తిండీతిప్పలూ మరిచిన ధర్మేందర్, పొద్దున్నే మట్టి సంచులన్నీ ముందరేసుకుని భార్య రోజారాణిని నిలదీస్తున్నాడు.

"ఎలుకలు మట్టి తింటయా రోజా? ఎవలన్న ఇంటే నవ్వుతరు."

"నవ్వనియ్యి. పెండ్లాన్ని కూసోబెట్టి మట్టి లెక్క అడిగేటోన్ని జూసి ఎప్పుడో నవ్విండ్రు."

"నేను పరాష్కం ఆడుతలేను. తుర్కపల్లి సంచి నిండుగ తెచ్చిన. నీడకు ఆరబోసిన, దంచిన, జల్లెడ పట్టిన..."

"నా జొన్నపిండి జల్లెడ. ఇప్పటిదాంక రొట్టెలల్ల ఇసుకొస్తాంది."

"మాట మార్చకు. ఇయ్యాల విప్పి సూస్తే సగం లేదు. సగం! ఏడికి పోయింది?"

"పక్కింటి సత్యమ్మ కోడి గెలికిందేమో."

"మూతి కట్టిన సంచిలకు కోడి ఎట్ల సొర్రింది?"

"అయితే అత్తమ్మ. మొన్న ఎనక పొయ్యి అలికింది."

"అమ్మను అడిగిన. పొయ్యికి గుండ్లపోచంపల్లి మట్టి దీస్కున్నదట. అది ఇంకో సంచి ఉన్నది, పర్వాలేదు. అమ్మ దొంగతనం జేసినా చెప్పి జేస్తది. నువ్వే ఏం చెప్తలేవు."

"అబ్బ, పిడికెడు మట్టికి గింత పరేషానా? ఏం జూస్తరు అండ్ల?"

"కార్బన్."

"అంటే బొగ్గే గద? రెండు బొగ్గులు నూరి పోస్త, నింపుకో."

"బొగ్గు గాదు తల్లీ. ఆకు అలము, పెంట మురిగి మట్టిల కలిస్తే వచ్చే బలం. గీ సంచి మట్టి తుర్కపల్లి రైతు గౌరయ్య ఎర్రచెల్కది. అండ్ల ఏండ్ల సంది గొర్లమంద పెట్టిచ్చిండ్రు. శామీర్‌పేట దిక్కు తిరిగిన చెల్కలల్ల గంత బలమున్నది నాకు ఇంకోటి దొరకలే."

"గట్లైతే గౌరయ్యనే అడుగు. ఇంకింత ఇస్తడు."

"ఏడికెళ్లి ఇస్తడు? గాడ కంపెనీ లేస్తాంది. చెల్కంత తవ్వి సిమెంటు పోసిండ్రు. గీ సంచిల ఉన్నదే మిగిలింది. గిది ల్యాబుల ఇయ్యకుంటే మ్యాపుల బొక్క పడ్తది. బొక్క పడితే మా సారు నా బొక్కలిరుగ్గొడ్తడు."

"ఇరిగితే నేను కట్టు కడ్త తియ్యి."

"నవ్వు, నవ్వు. నా చదువు ఆగుతది, నీకు నవ్వులాట. సరే, స్కూటరు తీస్త. చెల్క పక్క గట్టు మీదన్న ఇంత దొరుకుతదేమో సూద్దాం. నువ్వు గూడ నడువ్, సంచి పట్టుకుందువు."

"నేను రాను."

"ఎందుకు? నిరుడు శామీర్‌పేట చెర్వు దాంక నువ్వే తోలినవ్ గద, నన్ను ఎన్క కూసోబెట్టుకొని."

"నిరుడు ఎక్కిననే గద... ఏం లేదు. ఇడ్లీ సల్లారుతాంది, తిను."

"రోజా. కడుపు పోయింది స్కూటరు ఎక్కినందుకు గాదు. డాక్టరమ్మ చెప్పింది గద."

"చెప్పింది. చెప్పుడు వేరు, నా మనసు ఒప్పుడు వేరు. ఊరంత చెప్పుకున్నంక పోయింది. ఒక్కొక్కలొచ్చి అయ్యో అంటుంటే ఏడ్వరాక సచ్చిన. ఇగ నేను ఏ ముచ్చటా ఎవ్వలకు జల్దీ చెప్ప."

"నాకు గూడనా?"

"నువ్వు మీ అమ్మకు చెప్పకుండ ఉంటవా? ఇడువు. మట్టి ముచ్చటే చెప్పు. ఇంకేం జూస్తరు?"

"ఇనుము."

"ఎర్రమట్టిల ఇనుముకేం కరువు?"

"ఉంటది. మస్తుంటది. కని మట్టిల ఉండుడు వేరు, మొక్కకు అందుడు వేరు. వేరు పక్కనే ఉండి గూడ అందకుంటే ఏం ఫాయిదా? ఎంత అందుతదో సూసుడే నా పని."

"మనింట్ల గూడ గంతే. ముచ్చట పక్కనే ఉంటది, నీకు అందది."

"అంటే?"

"అంటే చట్నీ ఏసుకో."

"ఏస్కుంట గని... గిదేంది మరి? దుండిగల్ సంచి నిండుగనే ఉన్నది. నల్లరేగడిది గూడ జరంతే తగ్గింది. గీ దొంగకు తుర్కపల్లిదే కావాల్నా?"

"రేగడి పంటికి అంటుకుంటది. దుండిగల్‌ది ఉప్పగ. గిదే కమ్మగ ఉంటది, తొలి వాన వాసనొస్తది."

"అవ్, గొర్లమంద పెట్టిన మట్టి గద, వాసన... ఏందీ?"

"ఏంది?"

"ఉప్పగ అన్నవ్."

"అన్ననా?"

"పంటికి అంటుకుంటది అన్నవ్! రోజా! నా మట్టి తిన్నవా?"

"నీ మ్యాపుల రంగులున్నయి గని రుచి లేదు. గది నేను చెప్త, రాస్కో."

"నవ్వకు! అండ్ల ఏం మందులు కొట్టిండ్రో, ఏం పురుగులున్నయో! ఇంట్ల అన్నం లేదా? అటుకులు లేవా? మనిషన్నోళ్లు మట్టి తింటరా?"

"మనసు ఆగలే. సంచి విప్పితే సాలు, నోట్ల నీళ్లూరుతున్నయి. చిటికెడే అనుకుంట, మళ్ల చిటికెడు. తప్పే. నీ చదువు సంగతి యాదికొచ్చి మళ్ల మూతి కడ్త."

"చదువు ఏడన్న పోనియ్యి! నీకేమన్న అయితే? లెవ్వు, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"నేనే అడుగుదామనుకున్న. ఒక్కదాన్ని పోవాలంటే భయమైతుండె."

"భయమెందుకు, నేనున్న గద. స్కూటరు తాళం ఏది?"

"స్కూటరు వద్దు. ఆటో పిలువు. మెల్లగ తోలమను."

"మెల్లగనా? జల్దీ పోవాలె గని! సగం సంచి మట్టి! ఒక్కదానివే ఎట్ల తిన్నవ్ రోజా?"

"ఒక్కదాన్నే ఏడ తిన్న? ఇద్దరం తిన్నం."