నీళ్ళొచ్చాయని రాసిన ఊరు

ట్యూనీషియాలో, కాస్రీన్ కొండల మీది ఆ ఊరికి రాజధాని నుంచి ఒక సర్కారు అధికారి రావడం అదే మొదలు. ఎండిపోయిన వీధి కొళాయి పక్కన ఒక ముసలావిడ కుంపటి మీద టీ కాచి అతనికిచ్చింది.

“తాగు నాయనా. ఆరు కిలోమీటర్లు గాడిద మీద తెచ్చిన నీళ్ళు, పారబోయకు.”

“గొట్టాలు వేశారు కదమ్మా?”

“వేశారు, ఫొటోలు తీసుకుని పోయారు. మోటారు పెట్టలేదు, చుక్క రాలేదు. నాలుగుసార్లు జిల్లా ఆఫీసుకి తిరిగా. మా ఊళ్ళో అభివృద్ధి లక్ష్యం నెరవేరిందని ఐక్యరాజ్యసమితికి రాసి పంపారట. ఇక మోటారుకి నిధులు రావట.”

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

“అలా రాసినవాడెవడో నీకు తెలుసా? వాడి కాళ్ళయినా పట్టుకుంటా. నా మనవరాలు మబ్రూకా బడి మానేసి నీళ్ళు మోస్తోంది.”

“కాళ్ళు పట్టుకోవద్దమ్మా. రాసింది నేనే.”

“నువ్వా? ఎప్పుడొచ్చి చూశావు?”

“రాలేదు. గడువు ముంచుకొచ్చింది. లక్ష్యం నెరవేరిందంటే పైవాళ్ళు మెచ్చుకుంటారని రాసేశా.”

ఆమె వంగి కుంపటిలో బొగ్గులు ఎగదోసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

“కాగితం తియ్యి. ఇప్పుడు కళ్ళారా చూసింది రాయి.”

అతను రాసి, కింద సంతకం పెట్టాడు.

“నాకు చదవడం రాదు. నువ్వే చదువు. గట్టిగా, ఇరుగుపొరుగు కూడా వినేలా.”

గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూడలేక, అతను కాగితంలో తలదూర్చి మొదలుపెట్టాడు.

“‘ఈ ఊరికి నీళ్ళు రాలేదు. వచ్చాయని నేను...’”

“ఆగిపోయావేం?”

“‘...నేను అబద్ధం రాశాను.’”